మార్పు - మారుమాట



పూర్వపు వరంగల్లు జిల్లాలో జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ఒకే కలెక్టరు కచేరీ క్రింద నుండెడివి. 2016 అక్టోబరు 11, విజయదశమి నాడు ఆ మూడును మూడు జిల్లాలకు ముఖ్యపట్టణములైనవి. ప్రజలకు కచేరీ దగ్గరయైనది, అది మేలే. కాని ఆ కచేరీలలో, బడులలో, ఆసుపత్రులలో కాయకము చేయువారితో ఈ మార్పును గూర్చి మాటలాడిన రీతి యెట్టిదో మనము విచారింపవలసి యున్నది. మన కుటుంబములలో ఉద్యోగులు కలరు; మన మఠములును సంస్థలే కదా.

మొదట జనగామ సంగతి. 1974 నాటి జిల్లాల నిర్మాణ చట్టము ననుసరించి, జిల్లాను విభజింపదలచిన ప్రభుత్వము ముందుగా ముసాయిదా ప్రకటించి అభ్యంతరములకు గడువీయవలెను. 2016 ఆగస్టు 22న వెలువడిన ముసాయిదాలో మహబూబాబాదు, భూపాలపల్లి కేంద్రములుగా జిల్లాలు కలవు, జనగామ లేదు. అచ్చటి జనులు ఊరకుండలేదు. ముప్పది దినముల గడువులో అభ్యంతరములు పంపిరి, వీధులలో నిలిచిరి. అక్టోబరు మొదటి దినములలో జనగామ, సిరిసిల్ల, గద్వాల, ఆసిఫాబాదు చేర్చబడి జిల్లాల సంఖ్య 31 అయినది. ఇందు రాజకీయములు లేవని నేననను. అయినను ఉత్తర్వు గట్టిపడక మునుపే అడుగుటకొక ద్వారము తెరచియుండుట చేతనే ఆ గోడు లోనికి పోగలిగినది.

ఉద్యోగుల కథ వేరు. 2016లో వారిని తాత్కాలికముగా కొత్త జిల్లాలకు పంపిరి. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుతో, ఒకనాడు ఒకే జిల్లాగా నున్న ఈ మూడును మూడు జోనులలో బడినవి: భూపాలపల్లి కాళేశ్వరము జోనులో, మహబూబాబాదు భద్రాద్రి జోనులో, జనగామ యాదాద్రి జోనులో. శాశ్వత కేటాయింపునకై 2021 డిసెంబరు 6న 317వ నంబరు జీవో వచ్చినది. ఇష్టమేదని అడిగిరి గాని నిర్ణయము సీనియారిటీ పట్టికపై సాగినది. స్థానికతను చూడలేదని, పట్టికలు సరిచూచుకొనుటకు వ్యవధి చాలలేదని ఉద్యోగులు, ఉపాధ్యాయులు మొరపెట్టిరి. ఆ మొరలను విచారించు మంత్రివర్గ ఉపసంఘము 2024లో గాని ఏర్పడలేదు. రెండేండ్లు దాటినవి! రెండేండ్లలో పిల్లవాని బడి మారును; ఊరిలో ముసలితల్లి ఒంటరిదగును. సీనియారిటీ అన్యాయమైన కొలత యని కాదు. ఏదో యొక కొలత యుండవలెను. అది యేల యని ముందు చెప్పి, "దీనివలన నీకేమి కష్టము?" అని అడిగియున్నచో, కోరినది దొరకనివాడును అవమానపడడు.

బసవేశ్వరుడు బిజ్జలుని భాండాగారమునకు అధిపతి, ఆజ్ఞాపించుట యెరిగినవాడు. అయినను 12వ శతాబ్దమున కులభేదమును, వృత్తిభేదమును కదలించు మార్పును తలపెట్టినప్పుడు దానిని శాసనముగా చాటలేదు. కల్యాణమున అనుభవ మంటపమున చర్చకు పెట్టెను. ఎదుట పడవ నడుపు చౌడయ్య, బట్టలుతుకు మాచయ్య. అక్కమహాదేవి నైనను అల్లమప్రభువు ప్రశ్నింపక విడువలేదు. ఆమె మారుపలుకక విడువలేదు. శూన్యసింహాసనమును బసవన్న తానెక్కక అల్లమునకు విడిచిన మర్మమును గమనింపుడు. తాను తెచ్చిన మార్పుపై వచ్చిన విమర్శకు తానే న్యాయాధిపతియైన వానికి నిజము వినబడదు.

ఇక భాష. ఈ జనగామ జిల్లాలోని పాలకుర్తియే సోమనాథుని ఊరు. సంస్కృతమున దిట్టయైన ఆ మహాకవి బసవ పురాణమును జాను తెనుగున, ద్విపదలో పలికెను. సామాన్యుడు వినవలెనని కదా! నేటి సర్క్యులరులు ఎవనికి తగులునో వానికే అర్థము కాకుండ వ్రాయబడుచున్నవి. మన మఠముల నోటీసులు వానికంటె మేలని చెప్పజాలము.

మఠమున దాసోహపు వేళ మార్చుదురు. వంటవానికి ఆ మాట అందరికంటె చివర తెలియును. పద్దుల విధానము మార్చుదురు. లెక్కలు వ్రాయువానిని ఎవరును అడుగరు. వాడు "సరే స్వామీ" యనును. ఆ "సరే" సమ్మతి కాదు. వాడు నోటితో చెప్పని మాట మూడు మాసములకు పద్దులలో తప్పులై బయటపడును. ముందుగా పిలిచి అడుగుట పెద్దల కాయకము. ఆ కోరిక నొప్పుకొనలేనిచో "కాదు, ఇందువలన" అని కారణముతో చెప్పవలెను; మౌనము పనికిరాదు.

మారుమాట చెప్పువానికిని ధర్మమొకటి కలదు: చాటున గాక ఎదుట, పని చేయిదాటక మునుపే చెప్పవలెను. ఆయ్దక్కి మారయ్య రాలిన బియ్యము నేరి తెచ్చి దాసోహము నడుపుచుండెను. ఒకనాడు నిత్యముకంటె ఎక్కువ తెచ్చెను. లక్కమ్మ సంతసింపలేదు, ఇరుగుపొరుగుతో చెప్పుకొనలేదు. ఇది మనకు తగని ఆశ యని భర్తతోనే పలికి, మిగులును అక్కడనే పోసి రమ్మనెను. మారయ్య కోపింపలేదు. బియ్యపు మూట మరల భుజమున వేసికొని వచ్చిన దారినే వెడలెను.