చేను సాకగలిగినన్ని పశువులే



పశువుల దాణాకు బలాన్నిచ్చేది మొక్కజొన్న. మాంసకృత్తులనిచ్చేవి సోయా, పల్లి, పత్తి చెక్కలు. వీటి ధరలు ఊరి అంగడిలో తేలేవి కావు. 2021లో సోయా చెక్క ధర విపరీతంగా పెరగడంతో ఆగస్టులో కేంద్రం 12 లక్షల టన్నుల దిగుమతికి అనుమతినిచ్చింది. 2023 చివర చెరకు రసంతో ఇథనాల్ తయారీపై ఆంక్షలు వచ్చాక డిస్టిలరీలు మొక్కజొన్న వైపు మళ్లాయి. కోళ్లు, పశువులు తినే గింజకు కొత్త గిరాకీ పుట్టింది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల్లో రెండు బర్రెలతో, చిన్న గొర్ల మందతో బతికే ఇంటికి ఈ ధరలను తగ్గించే శక్తి లేదు. ఎంత కొనాలి, ఎంత పండించుకోవాలి, ఎన్నింటిని సాకాలి అన్న మూడు నిర్ణయాలు మాత్రం ఆ ఇంటివే.

కొనుగోలు దాణా మీద ఇంతగా ఆధారపడడానికి ఈ ప్రాంతపు పంటల మార్పూ ఒక కారణం. చెలకల్లో జొన్న, సజ్జ, కొర్ర వేసిన కాలంలో గింజ మనిషికి, చొప్ప పశువుకు దక్కేవి. జూరాల, భీమా, నెట్టెంపాడు, కల్వకుర్తి పథకాల నీళ్లతో వరి పెరిగింది. చెలకల్లోకి పత్తి వచ్చింది, గద్వాల వైపు విత్తన పత్తి స్థిరపడింది. పత్తి కట్టె పొయ్యికే తప్ప మేతకు రాదు. వరిగడ్డి కడుపు నింపుతుంది కానీ అందులో మాంసకృత్తులు చాలా తక్కువ. ఆ లోటును దాణా సంచితో పూడ్చవలసి వస్తోంది. 2017లో తెలంగాణ ప్రభుత్వం మొదలుపెట్టిన గొర్రెల పంపిణీలో ఒక్కో కుటుంబానికి 20 గొర్రెలు, ఒక పొట్టేలు 75 శాతం సబ్సిడీపై వచ్చాయి. మేపే బీళ్లు మాత్రం ఏటేటా సాగులోకి పోతున్నాయి.

పొదుపు లెక్కతో మొదలవుతుంది. బర్రెకు శరీర పోషణకు రోజుకు రెండు కిలోల దాణా, ఆపైన ప్రతి రెండు లీటర్ల పాలకు ఒక కిలో అన్నది వాడుకలో ఉన్న లెక్క. ఆ ప్రకారం ఆరు లీటర్లు ఇచ్చే బర్రెకు ఐదు కిలోలు కావాలి, వట్టిపోయినదానికి రెండు చాలు. అన్నింటికీ ఒకే తట్టతో పోసే ఇంట్లో పాలిచ్చేదానికి తక్కువవుతుంది, ఇవ్వనిదానికి వృథా అవుతుంది. చూడి బర్రెకు మాత్రం చివరి రెండు నెలలు అదనంగా కిలో, కిలోన్నర వేయాలి. అక్కడ మిగిల్చిన డబ్బు ఈనిన తరువాత పాలలో పోతుంది.

ఈ మూడు జిల్లాలకు పెద్ద ఆసరా యాసంగి పల్లి. కాయ తెంపాక మిగిలే పల్లి కట్టె వరిగడ్డి కంటే ఎంతో బలమైన మేత. కోతల రోజుల్లో చౌకగా అమ్మి, ఎండాకాలంలో అదే కట్టెను ఎక్కువ ధరకు కొనడం చాలా ఇళ్లలో జరిగే నష్టం. బాగా ఎండబెట్టి, వాన తగలని చోట వామి వేయాలి. కంది పొట్టు, శనగ పొట్టు కూడా కల్లంలో వదిలేయవలసినవి కావు. వరి కోత యంత్రం వెనక పడిన గడ్డిని తగలబెట్టడం పశువు నోటి ముందరి మేతను కాల్చడమే.

వరిగడ్డిని మెరుగుపరచే పద్ధతి ఉంది. నాలుగు కిలోల యూరియాను 50 నుంచి 60 లీటర్ల నీటిలో పూర్తిగా కరిగించి, 100 కిలోల గడ్డిపై పొరలు పొరలుగా చల్లి, గాలి చొరకుండా మూడు వారాలు కప్పి ఉంచాలి. తీశాక కాసేపు ఆరబెట్టి, కొద్దికొద్దిగా అలవాటు చేయాలి. ఆరు నెలల లోపు దూడలకు పెట్టకూడదు. యూరియా నీళ్లు పశువు తాగితే ప్రాణం పోతుంది. చొప్పను ముక్కలుగా నరికి వేస్తే తొక్కిడిలో పోయేది చాలావరకు మిగులుతుంది.

బోరు కింద పది గుంటల్లో సూపర్ నేపియర్, గట్ల మీద అవిసె, పక్కన అలసంద లేదా హెడ్జ్ లూసర్న్ ఉన్న ఇంటికి దాణా ఖర్చు తగ్గుతుంది. ఎనిమిది పది కిలోల పప్పుజాతి పచ్చిమేత దాదాపు ఒక కిలో దాణాకు సాటి. జొన్నను మాత్రం పూతకు ముందు, అందులోనూ వానలేక వాడినప్పుడు మేపకూడదు. లేత జొన్నలో విషం ఉంటుంది. మొక్కజొన్నను గింజ పాలు గట్టిపడే దశలో కోసి, ముక్కలు చేసి, గాలి లేకుండా తొక్కి పాతర వేస్తే నెలన్నరకు మేతకు వస్తుంది.

దాణా ఇంట్లోనే కలుపుకోవచ్చు. 100 కిలోలకు జొన్న లేదా మొక్కజొన్న 35, చెక్క 30, తౌడు 32, లవణ మిశ్రమం 2, ఉప్పు 1 కిలో. చౌకగా వచ్చిందని బూజు పట్టిన పల్లి చెక్క కొనకూడదు. దాని విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది, పాలలోకీ దిగుతుంది. పాలెం వ్యవసాయ పరిశోధన స్థానం, మదనాపురం కృషి విజ్ఞాన కేంద్రం దగ్గరలోనే ఉన్నాయి. అడగడానికి సిగ్గుపడవలసిన పని లేదు.

చివరిది, కష్టమైనది, మంద లెక్క. రోజుకు ఎనిమిది కిలోల ఎండుమేత చొప్పున 120 రోజుల ఎండాకాలానికి ఒక్క బర్రెకు దాదాపు టన్ను కావాలి. సంక్రాంతి దాటాక వామిలో ఎన్ని టన్నులుంటే అన్ని బర్రెలే ఆ ఇంటివి. మిగిలినవాటిని బక్కచిక్కక ముందే అమ్మాలి. మేకపోతులనూ పొట్టేళ్లనూ అంతే. పరువు కోసం మందను నిలుపుకుని, దాణాకు వడ్డీ అప్పు తెచ్చిన ఇల్లు పశువులనూ పోగొట్టుకుంటుంది, చేనునూ కుదువ పెడుతుంది.

ధర పెరిగిన కాలంలోనే మనిషి నీతి తేలుతుంది. పాలల్లో నీళ్లు కలిపి దాణా ఖర్చు రాబట్టడం కొనేవాణ్ణి మోసగించడం. దూడ పాలు కూడా పిండుకోవడం రేపటి బర్రెను ఈ రోజే చంపుకోవడం. వట్టిపోయినదాన్ని రోడ్డు మీదికి తోలడం నోరులేని జీవికి చేసే అన్యాయం. వృథాను ఆపడం పొదుపు, కడుపు మాడ్చడం పొదుపు కాదు. ఎన్ని పశువులుండాలో చేను చెప్పాలి, అప్పిచ్చేవాడు కాదు. ఈ ఏడాది బర్రెను కొనేముందు వామిని కొలిచి చూడు.

ఇట్లు,
పెద్దనాయన