వరండాలో పొన్నంగి పిట్ట



మొన్న అక్టోబరులో ఒక తెల్లవారుజామున ఛత్రపూర్‌లోని మా ఇంటి వరండాలో ఒక పిట్ట పడియున్నది. పిడికెడు ప్రాణి. వీపు పచ్చన, రెక్కమీద నీలము, కన్నుల మీదుగా నల్లని పట్టీ, గొంతు తెల్లన, తోక క్రింద కుంకుమ ఎరుపు. తోక ఉన్నదా లేదా అన్నంత పొట్టి. ప్రక్కింటి మామ్మగారు చూచి, "ఇది పొన్నంగి పిట్ట నాయనా, అలసిపోయింది" అన్నారు.

ఆమె మాట నిజమే. ఈ పిట్టలు వేసవిలో హిమాలయ పాదాలలోను, మధ్యదేశపు అడవులలోను గూళ్లు కట్టి, చలికాలానికి దక్షిణాదికి, శ్రీలంక వరకు పోవును. ప్రయాణము రాత్రిపూట. అలసినవి ఇట్లే ఇళ్లలో, తోటలలో వాలును. రాలిన ఆకులు తిరగవేసి పురుగులు ఏరుకొనును. ప్రొద్దున, సాయంత్రము ఈల వేయును గనుక తమిళులు దీనిని ఆరుమణి కురువి అందురు. 1816లో వియెయో అను ఫ్రెంచి పండితుడు మన 'పిట్ట' అను మాటనే తీసికొని ఈ జాతికి పేరు పెట్టినాడు. ఆఫ్రికాలోను, ఆస్ట్రేలియాలోను ఉన్న దీని బంధువులు సహితము పిట్టలే! తెలుగు మాట్లాడుటకు సిగ్గుపడు మన పిల్లలకు ఈ సంగతి చెప్పండి.

దానిని వెదురుగంప క్రింద ఉంచి, నీళ్లు పెట్టి, పిల్లి రాకుండ పిల్లలు వంతులవారీగా కాచినారు. ప్రొద్దు గ్రుంకునప్పుడు గంప ఎత్తగా జీడితోట వైపు ఎగిరిపోయినది.

అప్పుడు నాకొక మనిషి జ్ఞాపకము వచ్చినాడు. రెండేండ్ల క్రిందట శ్రీకాకుళము వైపు నుండి కట్టడపు పనికి వచ్చిన సహోదరుడు రెండు ఆదివారములు మన మందిరములో, తలుపు దగ్గర వెనుక బల్లమీద కూర్చున్నాడు. క్రొత్తవారు నిలువబడండి అన్నాము, చప్పట్లు కొట్టినాము. నేను చేయి కలిపి, "మరల రండి అన్నా" అన్నాను. ఎక్కడ పడుకొనుచున్నావని అడుగలేదు. మూడవ ఆదివారము అతడు రాలేదు. పని దగ్గర రేకుల పాకలో జ్వరముతో పడియుండగా తోటివారు రైలెక్కించి ఇంటికి పంపిరని తరువాత తెలిసినది. ఆ పాకకు మా ఇల్లు నడిచి పోగల దూరము.

యిర్మీయా 8:7లో ప్రవక్త, పక్షులకు తమ కాలము తెలియునుగాని దేవుని ప్రజలకు ఆయన న్యాయవిధి తెలియదని దుఃఖపడుచున్నాడు. ఆ వచనము మీద నేను ఎన్నోసార్లు ఇతరులకు బోధించినాను. ఆ విధులలో ఒకటి ద్వితీయోపదేశకాండము 10:19లో ఉన్నది. ఐగుప్తులో పరదేశులుగా ఉన్నవారు పరదేశిని ప్రేమింపవలెను.

మనలో కొందరు, "మేము వలస రాలేదు, 1936 ఏప్రిల్ 1న గంజాం మదరాసు ప్రెసిడెన్సీ నుండి ఒరిస్సాకు మారినది, సరిహద్దే జరిగినది" అందురు. నిజమే. అయితే ఆ మాటే మనలను వెనుక బల్ల వైపు చూడనియ్యలేదేమో అని నాకు అనుమానము.

ఇప్పుడు ఆశీర్వాదము కాగానే నేను ముందు అక్కడికే పోవుచున్నాను. గత ఆదివారము ఇద్దరు క్రొత్తవారు వచ్చిరి. ఒకరు మా ఇంట భోజనము చేసిరి. రెండవ సహోదరుని గది ఇంకను చూడవలసియున్నది. ఎవరైన నాతో వచ్చెదరా?