కర్త, భోక్త, బండిబాట: ఒంటరి సైకిల్ ప్రయాణంపై ఒక సంవాదం

భారతీయ దర్శన గ్రంథాలలో చర్చ సాధారణంగా పూర్వపక్షంతో, అంటే ప్రతివాది చెప్పే అభ్యంతరంతో మొదలై, దానిని పరిహరించి సిద్ధాంతాన్ని స్థాపించడంతో ముగుస్తుంది. ఈ సంవాదమూ ఆ మర్యాదనే పాటిస్తుంది. విచారణకు తీసుకున్న విషయం మాత్రం ఫాల్గుణ చైత్ర మాసాలలో, వికారాబాద్ సమీపంలోని అనంతగిరి కొండల నుంచి తాండూరు వైపు, తారురోడ్డునూ అనుమతి లేని అడవిదారులనూ వదిలి, బండిబాటల వెంట రోజంతా ఒంటరిగా సైకిల్ మీద సాగే ప్రయాణం.

సిద్ధాంతి: పని చేసేవాడు కర్త, దాని ఫలం అనుభవించేవాడు భోక్త. ఈ ఇద్దరూ వేరు కావడం నేటి జీవితంలో మామూలైపోయింది. రోడ్డు వేసేది ఒకరు, గుంతలో పడేది మరొకరు. ఒంటరిగా బండిబాట పట్టినవాడిలో మాత్రం ఇద్దరూ మళ్ళీ ఒక్కరవుతారు. ఆ ప్రయాణపు విలువ అదే.

పూర్వపక్షి: అయ్యా, దీనికి ఒక నిదర్శనం చూపండి.

సిద్ధాంతి: కంది కోసిన చేలలో, ఏటవాలుగా నరికిన మొదళ్ళు జానెడేసి ఎత్తున నిలిచి, ఫాల్గుణం నాటికి ఎండకు మేకుల్లా బిగిసి ఉంటాయి. పల్లేరు ముల్లు గుచ్చుకుంటే ట్యూబ్‌లెస్ టైరులో పోసిన సీలెంట్, అంటే గాలి పోయేచోట గడ్డకట్టి రంధ్రాన్ని పూడ్చే రబ్బరుపాల ద్రవం, చక్రం కొన్ని చుట్లు తిరిగేలోపే తన పని తాను చేస్తుంది. కంది మొదలు టైరు పక్కభాగాన్ని చీల్చిందంటే అదే ద్రవం తెల్లగా నురగకట్టి కారిపోతుందే తప్ప చీలిక పూడదు. చేనికి అడ్డంపడితే అర కిలోమీటరు కలిసివస్తుందనుకున్న బుద్ధీ, ఆ తరువాత మిట్టమధ్యాహ్నం సైకిల్‌ను నడిపించుకుపోయే కాళ్ళూ ఒక్కడివే.

పూర్వపక్షి: ఇది పనిలేనివారి వినోదం కాదా? ఇదే బాటలో పాలక్యాను తగిలించుకుని తొక్కినవాడికి దర్శనం ఏమీ కలగలేదే.

సిద్ధాంతి: కలగలేదని ఎవరు చెప్పారు? అయినా ఆ భేదం బతుకుతెరువుకు సంబంధించినది; ఇక్కడి ప్రశ్న అది కాదు.

పూర్వపక్షి: అలాగే కానివ్వండి. అసలు అభ్యంతరం వేరే ఉంది. కాలు విరిగితే ఏమిటి? 2005 ఆగస్టు 15న అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన 108 అంబులెన్సు పిలిస్తే వస్తుంది, కానీ వాహనం పోగలిగినంత దూరమే వస్తుంది. అక్కడి దాకా మంచం మీద మోసుకొచ్చేది ఊరివాళ్ళే, ఆ పూట కూలి పోగొట్టుకునేదీ వాళ్ళే. కర్త ఒక్కడు, భోక్తలు నలుగురు.

సిద్ధాంతి: ఇంతకంటే బలమైన అభ్యంతరం లేదు. అయితే కర్మ ఆరంభమయ్యేది పెడల్ మీద కాలు పెట్టినప్పుడు కాదు, ముందురోజు రాత్రి. ఎన్ని సీసాల నీళ్ళు, ఏ అతుకు సామాను, ఏ ఊళ్ళ మీదుగా దారి అన్నది ఇంట్లో చెప్పడం, ఇవన్నీ కర్తృత్వంలో భాగాలే.

పూర్వపక్షి: జాగ్రత్త ప్రమాదాన్ని తగ్గిస్తుందే గాని తుడిచిపెట్టదు. ఆ మిగిలిన భారం ఎవరిది?

సిద్ధాంతి: దానిని ఋణం అనాలి. ఋణం ఉన్నందువల్ల కర్తృత్వం పోదు. ఋణాన్ని ఎరగనివాడికే పోతుంది. ఆ మాటకొస్తే బాటే ఒక ఋణం. ఎడ్లబండ్ల ఇనుప పట్టాలూ ఇప్పటి ట్రాక్టరు చక్రాలూ తొక్కి తొక్కి గట్టిపరచిన గాడి అది. అనంతగిరి మీద లాటరైటు, అంటే ఎండకూ వానకూ రాయి శిథిలమై ఇనుపపాలు మిగిలిన ఎర్రని గట్టినేల, చక్రాన్ని గలగలలాడిస్తుంది. కొండ దిగితే నల్లరేగడి. అకాలపు జల్లు ఒక్కటి పడితే ఆ రేగడి చక్రానికీ ఫోర్కుకూ మధ్య కూరుకుని సైకిల్‌ను కదలనివ్వదు. నీటి తీరు మరీ విచిత్రం: ఈ కొండల్లో పుట్టిన మూసీ తూర్పుకు పోతుంది, కాగ్నా పడమటికి పోయి భీమాలో కలుస్తుంది, చివరికి రెండు నీళ్ళూ కృష్ణకే చేరతాయి. ఆకు రాల్చి పూసిన మోదుగలు...

పూర్వపక్షి: మోదుగలు అందమైనవే, కానీ నదుల వల్ల కర్తృత్వం సిద్ధించిందా?

సిద్ధాంతి: సిద్ధించలేదు. ఋణం పెద్దదని మాత్రం తేలింది.

పూర్వపక్షి: అంగీకరించక తప్పదు. ఒక్క సందేహం మిగిలింది: ఇద్దరుగా వెళ్తే ఆ ఋణం తగ్గదా? ఒకరు పడితే మరొకరు ఊళ్ళోకి వెళ్ళి చెప్పగలరు.

సిద్ధాంతి: తగ్గుతుంది, క్షేమమే ప్రమాణమైతే ఇద్దరే మేలు. కానీ ఎండ ముదిరి, నీళ్ళు సగానికి దిగి, తాండూరు ఇంకా దూరంగానే ఉన్నప్పుడు ఏం జరుగుతుందో ఆలోచించాలి. జట్టులో ఒకడు వెనుదిరుగుదామంటే అది పిరికితనంగా కనిపిస్తుందేమోనని వెనకాడతాడు, ఎదుటివాడూ అలాగే వెనకాడతాడు, చివరికి ఎవరూ తీసుకోని నిర్ణయానికి ఇద్దరూ లోబడి ముందుకు పోతారు. అక్కడ భోక్తలు ఇద్దరున్నా కర్త లేడు. ఒంటరివాడికి మెప్పించవలసినవారు లేరు, సాకుగా చూపడానికి తోడూ లేదు. వెళ్ళి తీరాలనే పంతం ఎంత అతనిదో, సగం దారిలో సైకిల్ తిప్పడమూ అంతే అతనిది. కాబట్టి ఒంటరి ప్రయాణానికి అర్హత తాండూరు చేరగలగడం కాదు, చేరకుండా తిరిగి రాగలగడం. ఆ శక్తి లేనివాడికి తోడు తీసుకువెళ్ళడమే ధర్మం.