తీసిన ఫోటో ఎవరిది?

మా ఇంట్లో రేకు పెట్టెలో ఒక చిన్న కెమెరా ఉంది. చొక్కా జేబులో పట్టేంత నల్లటి డబ్బా. తొంభైల చివర మా అన్నకు ఆశ్రమ పాఠశాలలో ఉద్యోగం వచ్చినప్పుడు ఆదిలాబాద్ వెళ్ళి కొనుక్కొచ్చాడు. అప్పటిదాకా మా గూడెంలో ఎవరికీ కెమెరా లేదు. ఫోటో కావాలంటే ఉట్నూరు స్టూడియోకు పోవాలి, లేదా ఎవరో బయటివాళ్ళు వచ్చి తీయాలి. అందుకే ఆ కెమెరా అన్నది అయినా, అన్నదమ్ములం, అక్కచెల్లెళ్ళం అందరం దాన్ని మాదే అనుకున్నాం.

దాన్ని వాడటానికి పెద్ద చదువు అక్కర్లేదు. రెండు పెన్సిల్ సెల్స్ వేయాలి. రీలు పెట్టి మూత మూయాలి. ఎంత దూరంలో ఉన్నారో చూసి తిప్పాల్సిన పని లేదు, అద్దం ఒకే చోట బిగించి ఉంటుంది. నాలుగైదు అడుగుల కంటే దగ్గరికి పోతే మాత్రం ముఖం మసకబారుతుంది. చీకట్లో ఫ్లాష్ నొక్కితే సన్నగా కూత పెడుతుంది, ఎర్ర దీపం వెలిగేదాకా ఆగాలి. ఒక్కో ఫోటో తర్వాత బొటనవేలితో చక్రం తిప్పాలి. రీలుకు 36 ఫోటోలు. మధ్యలో మూత తెరిస్తే వెలుతురు తగిలి ఫోటోలు పోతాయి. రీలు, కడిగింపు, ప్రింట్లు అన్నీ కలిపితే ఆ రోజుల్లో మాకు ఐదారు రోజుల కూలి.

కాబట్టి ప్రతి ఫోటోకూ ముందు ఒక ఆలోచన ఉండేది. ఇది తీయాలా, వద్దా? ఎవరిని తీయాలి? ఇంకా ఎన్ని మిగిలాయి? ఆ లెక్కే మమ్మల్ని ఒక తప్పు దగ్గరికి తీసుకుపోయింది. ఈ వ్యాసం ఆ తప్పు గురించి, దాని నుంచి పుట్టిన ప్రశ్న గురించి.

మా ఇంటి వెనుక ఒక అవ్వ ఉండేది. మేము కెమెరా పట్టుకుని తిరుగుతుంటే ఒకరోజు పిలిచింది. ఆమె గోండిలో అడిగిన మాటను తెలుగులో చెప్పాలంటే ఇది: "నా బొమ్మ ఏది?" మేము ఇంకా ఆమెను తీయనే లేదు. అదే చెప్పాం. ఆమె నవ్వింది. చిన్నప్పటి నుంచి ఎవరెవరో వచ్చి తన ఫోటో తీసుకుపోయారట. జాతరలో తీశారు, బావి దగ్గర తీశారు, కొడుకును ఎత్తుకుని ఉండగా తీశారు. ఒక్కరూ తిరిగి తెచ్చి చూపించలేదు. "నా బొమ్మలన్నీ ఎక్కడో ఉన్నాయి, నా దగ్గర ఒక్కటీ లేదు. మీరు తీస్తే ఇస్తారా?" అని అడిగింది. ఇస్తామన్నాం.

ఆ సాయంత్రమే తీశాం. ఆమె కుదురుగా నిలబడేలోపు కోళ్ళు గుమ్మంలో ఆరబోసిన జొన్నల మీదికి వచ్చాయి. చీపురు ఎత్తి వాటిని అదిలించింది. అదే క్షణంలో మా చెయ్యి నొక్కేసింది. సరిగ్గా రాలేదేమో అనుకున్నాం. ఇంకొకటి తీస్తే రీలు వృథా అవుతుందని తీయలేదు.

రీల్లో ఇంకా 14 ఫోటోలు మిగిలాయి. సగం రీలు కడిగించడం దండగ అనిపించింది. దండారి వస్తుంది, అప్పుడు పూర్తి చేద్దాం అనుకున్నాం. దండారిలో కొన్ని తీశాం. మిగిలినవి నాగోబా జాతరకు ఉంచాం. అవ్వ రెండుసార్లు అడిగింది. "ఇంకా అయిపోలేదు అవ్వా" అన్నాం. జాతరకు నెల ముందు ఆమె చనిపోయింది.

కేస్లాపూర్ నుంచి వచ్చాక రీలు కడిగించాం. ఆమె ఫోటో చక్కగా వచ్చింది. చీపురు ఎత్తిన చెయ్యి, కోపమో నవ్వో తెలియని ముఖం, కాళ్ళ దగ్గర చెదిరిపోతున్న కోళ్ళు. ఓటరు కార్డు మీది చిన్న ముఖం తప్ప ఆ కుటుంబం దగ్గర ఆమె ఫోటో వేరే లేదు. ఆమె కూతురు ఫోటో చేతిలోకి తీసుకుని, "ఇది మా అవ్వే" అని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఒక్క మాట అడిగింది: "బతికి ఉండగా ఎందుకు చూపించలేదు?"

14 ఫోటోలు మిగిలాయని మేము చెప్పలేకపోయాం.

ఫోటో అంటే వెలుతురు ఫిల్మ్ మీద పడటమే కదా, మనిషి దగ్గర నుంచి ఏం పోతుంది అని చదువుకున్నవాళ్ళు అంటారు. సైన్సు ప్రకారం అది నిజమే. మన ముసలివాళ్ళలో కొందరు మాత్రం ఫోటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందని భయపడేవాళ్ళు. మేము బళ్ళో చదువుకుంటూ ఆ మాటకు నవ్వాం. ఇప్పుడు నవ్వు రావడం లేదు. వాళ్ళ మాటలో ఆయుష్షు సంగతి తప్పు కావచ్చు. తమది ఏదో తమకు తెలియని చోటికి పోతోందన్నది తప్పు కాదు.

అది నిజంగానే పోయింది. 1868 నుంచి 1875 వరకు ఆంగ్లేయ ప్రభుత్వం 'ది పీపుల్ ఆఫ్ ఇండియా' పేరుతో 8 సంపుటాలు అచ్చు వేసింది. దేశంలోని కులాలను, తెగలను ఫోటోలతో వరుసగా పేర్చిన పుస్తకాలవి. పాలించేవాళ్ళు పాలితులను గుర్తుపట్టడానికి చేసిన పని అది. ఆ తర్వాత కూడా ఎన్నో పుస్తకాల్లో మనవాళ్ళ ఫోటోల కింద "గోండు స్త్రీ", "చెంచు పురుషుడు" అని మాత్రమే రాశారు. పేరు లేదు, ఊరు లేదు. ఒక చెట్టు ఫోటో కింద చెట్టు జాతి రాసినట్టు మనిషి కింద తెగ పేరు రాశారు.

అయితే అందరినీ ఒకే గాటన కట్టడం కూడా న్యాయం కాదు. 1940లలో హైమన్‌డార్ఫ్ మన ఆదిలాబాద్ ప్రాంతానికి వచ్చారు. మార్లవాయిలో ఉండి గోండి నేర్చుకున్నారు. 1948లో 'ది రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్' పుస్తకం తెచ్చారు. ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ సమాధి ఇవాళ్టికీ మార్లవాయిలోనే ఉంది. ఆయన తీసిన ఫోటోలు లండన్‌లో సోయాస్ అనే విశ్వవిద్యాలయ సంస్థలో భద్రంగా ఉన్నాయి. అవి లేకపోతే మన తాతల కాలపు గూడేలు, నగలు, నృత్యాలు ఎలా ఉండేవో కళ్ళతో చూసే దారి మనకు ఉండేది కాదు. అందుకు కృతజ్ఞత ఉండాలి. ఆ కృతజ్ఞతతో పాటు ఒక ప్రశ్న కూడా ఉంటుంది. ఆ ఫోటోల్లో ఉన్నవాళ్ళ మనవళ్ళు వాటిని చూడాలంటే లండన్ వైపు చూడాల్సి రావడం ఏమిటి?

తెలుగులో ఫోటోకు రెండు క్రియలు ఉన్నాయి. కెమెరా పట్టుకున్నవాళ్ళు ఫోటో "తీస్తారు". ఎదుట నిలబడ్డవాళ్ళు ఫోటో "దిగుతారు". తీయడం అనే మాటను మనం తేనెకు కూడా వాడతాం. తేనె తీసే మనిషి పట్టు మొత్తం పిండుకుని రాడు, ఈగలకు కొంత వదిలి వస్తాడు. తెచ్చిన తేనె ఒక్కడే తాగడు. వేటలో దొరికింది కూడా అంతే, ఊళ్ళో పాలు పడుతుంది. తీసుకోవడం తప్పని మన పెద్దలు ఎప్పుడూ అనలేదు. తీసుకున్నదాంట్లో వాటా ఇవ్వకపోవడం తప్పన్నారు. ఫోటో దిగిన మనిషికి ఫోటోలో వాటా ఉంది. ఆ వాటా మేము అవ్వకు ఇవ్వలేదు. బయటివాళ్ళు ఎందుకు ఇవ్వలేదో మాకు తెలియదు. మేము ఎందుకు ఇవ్వలేదో మాకు బాగా తెలుసు. డబ్బు మిగలాలని, పండుగ ఫోటోలు ఎక్కువ విలువైనవని.

ఇక్కడే ఇంకో విషయం ఒప్పుకోవాలి. కెమెరా మన చేతికి వస్తే మన బతుకు మనమే చూపించుకుంటాం అని గర్వంగా చెప్పుకుంటాం. మా ఆల్బం తెరిచి చూస్తే ఆ గర్వం నిలవదు. మొదటి నాలుగు రీళ్ళలో ఏమున్నాయి? నెమలి ఈకల టోపీలతో గుస్సాడీలు, జాతర, పెళ్ళిళ్ళు, అరువు చొక్కా వేసుకుని మోటారు సైకిల్ పక్కన నిలబడ్డ తమ్ముడు. పత్తి చేలో కలుపు తీస్తున్న అమ్మ లేదు. ఒకసారి తీయబోతే "ఆగు, చీర మార్చుకుని వస్తా" అంది. మేము కూడా ఆగాం. ఇప్పపువ్వు ఏరే చేతులు లేవు. రేషన్ దుకాణం ముందు వరుస లేదు. బస్సు కోసం రోడ్డు మీద కూర్చున్న మధ్యాహ్నం లేదు. బయటివాళ్ళు ఏం చూడటానికి వచ్చారో మేము కూడా అదే తీశాం. కెమెరా మాది, చూపు మాత్రం వాళ్ళది.

చీపురు ఎత్తిన అవ్వ ఫోటో అనుకోకుండా వచ్చింది కాబట్టే మిగతావాటికి భిన్నంగా ఉంది. జేబులో పట్టే కెమెరా అసలు పని అదేనని తర్వాత అర్థమైంది. పండుగకు పెద్ద కెమెరాలు ఎలాగూ వస్తాయి. పండుగ లేని రోజుకు ఎవరూ రారు. ఆ రోజులే మన బతుకులో ఎక్కువ. వాటిని తీయాలంటే ఆ ఇంట్లో మనిషే, ఆ ఊళ్ళో మనిషే అయి ఉండాలి. అదీ ఎదుటి మనిషి సరే అన్నాకే.

ముఖాల రంగు గురించి కూడా చెప్పాలి. ఇంట్లో ఫ్లాష్‌తో తీసిన ఫోటోల్లో మా ముఖాలు కొన్ని మరీ నల్లగా, కళ్ళు, పళ్ళు మాత్రం మెరుస్తూ వచ్చేవి. మేము సిగ్గుపడేవాళ్ళం, తప్పు మా ముఖాలదే అనుకునేవాళ్ళం. చాలా ఏళ్ళ తర్వాత అసలు సంగతి చదివాం. కోడాక్ కంపెనీ ల్యాబులకు రంగులు సరిచూసుకోవడానికి ఒక కార్డు పంపేది. దాని మీద తెల్లజాతి స్త్రీ ఫోటో ఉండేది. దాన్ని షర్లీ కార్డు అనేవాళ్ళు. ఆమె చర్మం సరిగ్గా వస్తే ఫోటో సరిగ్గా వచ్చినట్టు లెక్క. కెనడా పరిశోధకురాలు లోర్నా రోత్ 2009లో దీని మీద వివరంగా రాశారు. ముదురు రంగులు ఫిల్మ్‌లో సరిగ్గా రావడం లేదని చాక్లెట్ల కంపెనీలు, చెక్క సామాన్ల కంపెనీలు గట్టిగా అడిగాక మార్పు వచ్చిందని ఆ కంపెనీలో పనిచేసినవాళ్ళే ఆమెతో చెప్పారు. చెక్కకు దొరికిన న్యాయం నల్లటి మనిషికి ముందు దొరకలేదు. ఒక వస్తువు తయారయ్యేటప్పుడే అందులో ఎవరి ముఖం కొలతగా పెట్టుకున్నారన్నది చిన్న విషయం కాదు. మన పిల్లలకు ఈ సంగతి చెప్పాలి. ఇవాళ ఫోన్‌లో ముఖం తెల్లగా చేసే మీటను నొక్కే ముందైనా ఒకసారి గుర్తుకు వస్తుంది.

ఇప్పుడు రీలు లెక్క లేదు. ప్రతి ఇంట్లో ఫోన్ ఉంది. ఒక్క నిమిషంలో 36 తీయవచ్చు. తీసిన ఫోటో వెంటనే ఇచ్చేయవచ్చు, పైసా ఖర్చు లేదు. అయినా ఇస్తున్నామా? మాలో కొందరం ఉపాధ్యాయులం. హాస్టల్లో పిల్లలకు దుప్పట్లు ఇచ్చినా, నోటుపుస్తకాలు ఇచ్చినా ముందు ఫోటో తీస్తాం. ఇచ్చే చెయ్యి కనపడాలి, తీసుకునే పిల్ల నవ్వాలి. రుజువు కావాలి, పైకి పంపాలి, గ్రూపులో పెట్టాలి. ఆ పిల్లను అడిగామా? ఆమె తల్లికి ఆ ఫోటో చేరిందా? పదేళ్ళ తర్వాత ఆ పిల్ల కలెక్టరయినా, కూలీ అయినా, దుప్పటి కోసం చెయ్యి చాచిన తన ఫోటో ఎక్కడెక్కడ తిరుగుతుందో ఆమెకు తెలుస్తుందా? అవ్వ అడిగిన ప్రశ్నే రేపు ఆ పిల్ల అడుగుతుంది.

అండమాన్‌లో జరావాలను ఫోటో తీయడం చట్టప్రకారం నేరం. 2012లో జరావా స్త్రీలను పర్యాటకుల ముందు ఆడించిన వీడియో బయటపడినప్పుడు దేశమంతా సిగ్గుపడింది. మనకు అలాంటి చట్టం లేదు, అంత కట్టడి మనకు అక్కర్లేదు కూడా. మనం లోకంలో తిరుగుతాం, లోకం మన దగ్గరికి వస్తుంది. కాబట్టి చట్టం చేయని పని మన మర్యాద చేయాలి.

అడిగి తీస్తే ఫోటోల్లో సహజత్వం పోతుందని కొందరు అంటారు. నిజమే, కొంత పోతుంది. అమ్మ చీర మార్చుకుంటుంది, తాత మీసం దువ్వుకుంటాడు. మంచి ఫోటో పోయిందని బాధపడేవాళ్ళు ఒకటి ఆలోచించాలి. ఆమె ఎలా కనపడాలో నిర్ణయించుకునే హక్కు కంటే మన ఫోటో పెద్దదా? చీర మార్చుకోవద్దని మనం ఆమెను ఒప్పించగలిగితే, కలుపు తీసే చేతుల్లో సిగ్గుపడాల్సింది ఏమీ లేదని ఆమె నమ్మితే, అప్పుడు తీయవచ్చు. ఆ నమ్మకం పుట్టించడం కెమెరా కొనడం కంటే కష్టం.

మేము పెట్టుకున్న పద్ధతి పెద్దదేమీ కాదు. అడిగి తీస్తాం. వద్దంటే కెమెరా జేబులో పెట్టేస్తాం. దేవుడి గుడి దగ్గర పటేల్‌ను, కటోడాను అడగకుండా బయటికి తీయం. ప్రింటు రెండు వేయిస్తాం, ఒకటి దిగినవాళ్ళది. వెనుక పేరు, ఊరు, ఆ రోజు ఏం చేస్తున్నారో రాస్తాం. రీలు పూర్తయ్యేదాకా ఆగకుండా, ముసలివాళ్ళ ఫోటో ఉంటే సగం రీలైనా కడిగిస్తాం. ఇప్పుడు రీళ్ళు దొరకడం కష్టం, ఖరీదు ఎక్కువ, కడిగే ల్యాబులు దగ్గరలో లేవు. అయినా ఏడాదికి ఒక రీలు వేస్తున్నాం. ఫోన్‌తో తీసేవాటికీ ఇదే పద్ధతి.

అవ్వ ఫోటో రెండో ప్రింటు మా పెట్టెలో ఉంది. వెనుక ఆమె పేరు రాశాం. గూడెం పేరు రాశాం. "జొన్నల మీదికి వచ్చిన కోళ్ళను తోలుతోంది" అని రాశాం. కింద ఇంకో వాక్యం కూడా రాశాం, మా పిల్లలు చదవాలని: "ఈ ఫోటో ఆమెకు చూపించలేదు."