దేవుణ్ణి నిలదీసే ఏడుపు

పూర్వం ఐర్లండ్ పల్లెల్లో మనిషి పోతే శవం చుట్టూ చేరిన ఆడవాళ్లు రాగాలు తీసి ఏడ్చేవారు. ఇంగ్లీషులో దీన్ని కీనింగ్ అంటారు. ఆ మాట ఏడుపు అనే అర్థమున్న గేలిక్ మాట నుంచే వచ్చింది. మన పల్లెల్లో శోకాలు పెట్టడం అనేదానికి ఇది చాలా దగ్గర. ఇంటి ఆడవాళ్లతో పాటు ఇందులో ఆరితేరిన వాళ్లను డబ్బో, పొగాకో, సారాయో ఇచ్చి పిలిపించుకునేవారు. ఏడుపుకూ ఒక వరస ఉండేది. చనిపోయినవాణ్ణి బతికున్నవాడిలా పేరు పెట్టి పిలవడం, వంశాన్ని పొగడడం, మమ్మల్ని ఎందుకు వదిలి వెళ్లావని దెబ్బలాడడం, చావుకు కారకులైనవాళ్లను తిట్టడం అన్నీ అందులో వచ్చేవి. అక్కడున్న పాదిరి మీదికీ ఒక్కోసారి మాట తూలేది.

17, 18 శతాబ్దాల్లో ఐర్లండ్ కాథలిక్ బిషప్పుల సభలు ఈ ఆచారాన్ని పదేపదే నిషేధించాయి. అన్నిసార్లు నిషేధించాల్సి వచ్చిందంటే జనం ఎంతమాత్రం వినలేదని తెలుస్తుంది. కూలికి ఏడవడం, శవజాగరణలో తాగుడు వంటివి పైకి కనిపించే అభ్యంతరాలు. అసలు అభ్యంతరం సిద్ధాంతానిది. చనిపోయినవాళ్లు తిరిగి లేస్తారని నమ్మే మనిషి, ఆ నిరీక్షణ లేనివాడిలా దుఃఖించకూడదని పౌలు థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రిక చెబుతుంది. కూలికి ఏడ్చేవాళ్ల మీద క్రైస్తవ బోధకుడు క్రిసోస్తమ్ నాలుగో శతాబ్దంలోనే విరుచుకుపడ్డాడు. 387లో ఓస్తియాలో తల్లి మోనికా చనిపోయినప్పుడు వేదాంతి అగస్టీన్ కన్నీళ్లు ఆపుకున్నాడు. బావురుమన్న అగస్టీన్ కొడుకు నోరు మూయించారు, ఒకాయన కీర్తనల గ్రంథం తీసి పాడడం మొదలుపెట్టాడు. ఏడుపు స్థానంలో కీర్తన పెట్టడమే చర్చి మార్గమని ఆ దృశ్యమే చెబుతుంది. తర్వాత ఒంటరిగా ఏడ్చానని, అది పాపమైతే చదివేవాళ్లు తన కోసం ప్రార్థించాలని ఆయనే ఒప్పుకున్నాడు. లాజరు సమాధి దగ్గర క్రీస్తు కూడా కన్నీళ్లు పెట్టుకున్నాడని తెలిసిన మనిషికి అంత సంకోచం దేనికన్న ప్రశ్న అక్కడే మిగిలిపోయింది.

ఆ ప్రశ్నకు ఐర్లండ్ పామరజనం తమదైన జవాబు కనుక్కున్నారు. ఏడవడం తప్పయితే మరియమ్మ ఏడుపు తప్పెలా అవుతుంది? ‘ముగ్గురు మరియల విలాపం’ అనే గేలిక్ పాట అలాంటిది. కొడుకును చూశావా అని మరియ పేతురును అడుగుతుంది, అతను శత్రువుల మధ్య ఉన్నాడన్న సమాధానం వస్తుంది, ప్రతి చరణం చివరా శోకాల్లోని ఆర్తనాదమే తిరిగి వస్తుంది. మనుషుల శవాల దగ్గర వద్దన్న రాగం క్రీస్తు శవం దగ్గర భక్తి అయింది. ఈ పాటలపై 1983లో పుస్తకం తెచ్చిన పరిశోధకురాలు ఆంజెలా బర్క్, వీటికీ ఊరి ఆడవాళ్ల శోకాలకూ ఉన్న చుట్టరికాన్ని చూపించింది. ఇదొక తెలివైన ఉపాయంగా కనిపించవచ్చు. కానీ లోతుగా చూస్తే ఒక వేదాంత వాదం: దుఃఖంలో నమ్మకం లేకపోలేదు, దేవుడి తల్లే ఆ మార్గంలో నడిచింది.

ఈ పాటను లోకానికి వినిపించినవాళ్లలో ముఖ్యుడు జో హీనీ. 1919లో పశ్చిమ తీరాన కోనమారా ప్రాంతంలోని కార్నాలో పుట్టాడు. వాయిద్యాల తోడు లేకుండా గమకాలతో ఒక్క గొంతు పాడే ‘షాన్‌నోస్’ పద్ధతి ఆయనది. ఆ పేరుకు పాత తీరు అని అర్థం. ఈ పద్ధతిలో గాయకుడు ముఖకవళికలతో అభినయించడు, చాలాసార్లు కళ్లు మూసుకుంటాడు. పక్కనున్నవాళ్లు అతని చెయ్యి పట్టుకుని మెల్లగా తిప్పుతుంటారు. పాట తనది కాదు, తన గుండా పోతోందన్న భావం ఆ నిలబడే తీరులోనే ఉంది. న్యూయార్క్‌లో భవనాల దగ్గర ద్వారపాలకుడిగా బతుకు వెళ్లదీసిన హీనీకి 1982లో అమెరికా జాతీయ వారసత్వ పురస్కారం వచ్చింది. 1984లో సియాటిల్‌లో కన్నుమూశాడు.

విలాపం దేవుడి గడప దాటి న్యాయస్థానం గడపా తొక్కగలదనడానికి 1773 సాక్ష్యం. కాథలిక్కులు 5 పౌండ్లకు మించిన విలువగల గుర్రం ఉంచుకోరాదన్న శిక్షాచట్టాల కాలమది. కార్క్ ప్రాంతంలో ఆర్ట్ ఓ లేరి అనే యువ సైనికాధికారి తన గుర్రాన్ని ఆ ధరకు అడిగిన అధికారికి ఇవ్వడానికి ఒప్పుకోలేదు. చివరికి కాల్చి చంపారు. భార్య ఐలీన్ డువ్ పేరిట నిలిచిన విలాపం ఐరిష్ భాషలో గొప్ప కవితగా పేరుపొందింది. అందులో ప్రేమా ఉంది, చంపించిన అధికారి మీద శాపమూ ఉంది. చాలాకాలం అది ఏడ్చే ఆడవాళ్ల నోటనే బతికింది. కవితగా పుట్టిందో శోకంగా పుట్టిందో తేల్చాలనుకునే పండితుల తగవు అంత ముఖ్యం కాదు. శోకమే అక్కడ సాక్ష్యపు రూపం.

ఇరవయ్యో శతాబ్దంలో పాటకూ చర్చికీ మధ్య కొంతకాలం సఖ్యత కుదిరింది. ఆథ్లోన్‌లో 1884లో పుట్టిన టెనర్ గాయకుడు జాన్ మకార్మక్‌కు పోపు 1928లో కౌంట్ బిరుదునిచ్చాడు. 1932 జూన్‌లో డబ్లిన్ ఫీనిక్స్ పార్కులో, దాదాపు 10 లక్షల మంది చేరారని చెప్పే దివ్యసత్ప్రసాద మహాసభలో, థామస్ అక్వినాస్ రచనకు సీజర్ ఫ్రాంక్ కట్టిన వరసను ఆయన పాడాడు. గొంతు అద్భుతం. ప్రశ్న మాత్రం అందులో లేదు. రాజ్యం, మఠం, గొంతు మూడూ ఒకే వైపున్న రోజు అది.

ఆ రోజు ఎవరి ఏడుపు వినిపించలేదో గాయని షినేడ్ ఓకానర్ పాటల్లో తెలుస్తుంది. 1990లో వచ్చిన ఆమె ఆల్బమ్‌లో, ప్రియురాలి సమాధి మీద పడుకున్న ప్రేమికుడి పాత గేలిక్ కవిత ఉంది. దాన్ని ఫ్రాంక్ ఓకానర్ ఇంగ్లీషులోకి తెచ్చాడు, ఫిలిప్ కింగ్ వరస కట్టాడు. ఆమె దాన్ని డ్రమ్స్ దరువు మీద పాడింది. రెండేళ్ల తర్వాత, 1992 అక్టోబర్ 3న, అమెరికా టీవీలో బాబ్ మార్లీ పాటను వాయిద్యాలు లేకుండా పాడి, పిల్లల మీద జరిగే అఘాయిత్యాన్ని అందులో చేర్చి, చివర పోపు ఫొటో చించింది. ఆ ఫొటో తన తల్లి గదిలో గోడ మీదిదని ఆమె తర్వాత రాసుకుంది. లోకం దైవదూషణ అంది. చర్చి నడిపిన సంస్థల్లో పిల్లలు పడిన హింసను 2009లో ర్యాన్ నివేదిక బయటపెట్టింది; 2010లో పోపు బెనెడిక్ట్ ఐర్లండ్ కాథలిక్కులకు క్షమాపణ లేఖ రాశాడు.

ఆ చించడం నాస్తికత్వమని చదివినవాళ్లు ఆమె తర్వాతి పాటలను వినలేదు. 2007 నాటి ‘థియాలజీ’ ఆల్బమ్‌లో పలు పాటలు యెషయా, యోబు, కీర్తనల గ్రంథాల నుంచి తీసుకున్నవి. అగాధంలో నుంచి మొరపెట్టే 130వ కీర్తన అందులో ఒకటి. చర్చి చనిపోయినవాళ్ల కోసం చదివేదీ అదే. యోబు దేవుణ్ణి నిలదీశాడు. దేవుడి పక్షాన వాదించిన స్నేహితులనే గ్రంథం తప్పుపట్టింది. నిలదీయాలంటే వినేవాడొకడున్నాడన్న నమ్మకం ఉండాలి. ఆ తర్కం ప్రకారం చూస్తే, మతసంస్థతో తెగదెంపులు చేసుకున్న ఆమె దేవుడితో మాత్రం మాట మానలేదు. 1999లో వాటికన్ గుర్తింపు లేని ఒక కాథలిక్ శాఖలో పాదిరి అయింది, 2018లో ఇస్లాం తీసుకుని షుహదా సదాఖత్ పేరు పెట్టుకుంది.

ఆమె 2023 జులై 26న చనిపోయింది. ఆగస్టు 8న బ్రే పట్టణంలో ఇమామ్ జనాజా ప్రార్థన జరిపాడు. ఇస్లాంలోనూ శవం దగ్గర రాగాలు తీయవద్దన్న నియమం ఉంది. కన్నీళ్లకు మాత్రం అడ్డు లేదు. బయట సముద్రతీర వీధిలో జనం కిక్కిరిసి నిలబడ్డారు. శవపేటిక ముందు నడిచిన పాత వ్యాను స్పీకర్ల నుంచి బాబ్ మార్లీ పాటలు మోగాయి.