చెక్కపొర రంగులో సత్యాసత్యాలు

చౌకరకం పలకపై అతికించే పలుచని చెక్కపొరకు, అంటే వెనీర్‌కు, రంగు పట్టించి మేలురకం కలపగా చూపడం అసత్యమవుతుందా అన్నది సౌందర్యశాస్త్రానికీ నీతిశాస్త్రానికీ ఉమ్మడి ప్రశ్న. 1849లో వెలువడిన ‘ది సెవెన్ ల్యాంప్స్ ఆఫ్ ఆర్కిటెక్చర్’ గ్రంథంలో ఆంగ్ల విమర్శకుడు జాన్ రస్కిన్, ఒక పదార్థాన్ని మరొకటిగా భ్రమింపజేసే పూతను మోసంగా ఖండించినప్పటికీ, కట్టడాలపై బంగారు పూతను ఎవరూ ముద్ద బంగారమని నమ్మరు కనుక దానిని మినహాయించాడు. అంటే దోషం రంగులో కాక, అది కలిగించే తప్పుడు నమ్మకంలో ఉన్నదన్నమాట. అద్వైతులు చెప్పే ఉపాధి, అంటే తన గుణాన్ని దగ్గరి వస్తువుకు ఉన్నట్లు తోపింపజేసేది, ఈ విషయాన్ని మరింత స్పష్టం చేస్తుంది: మందారం పక్కన ఎర్రగా కనిపించినంత మాత్రాన స్ఫటికం తన స్వచ్ఛతను కోల్పోదు. అలాగే పైరంగు వల్ల చెక్క స్వభావం మారదు; అది ఎంతవరకు కనిపిస్తుందన్నది మాత్రం రంగు రకాన్ని బట్టి ఉంటుంది. ద్రవంలో పూర్తిగా కరిగే అద్దకపు రంగు నారల్లోకి ఇంకి చెక్కచారలను కనపడనిస్తుంది గాని ఎండకు త్వరగా వెలిసిపోతుంది. కరగని రేణువులున్న రంగు, అంటే పిగ్మెంట్ స్టెయిన్, చెక్క రంధ్రాల్లో నిలిచి, మందంగా పూస్తే చారలనే కప్పివేస్తుంది. ఏ రంగును ఎంచుకున్నా, అసలు కలప పేరును కొనేవారికి చెప్పినప్పుడే ఆ అలంకారం అసత్యం కాకుండా ఉంటుంది.