చెప్పి అమ్మితే నకిలీ ధర్మసమ్మతమవుతుందా?

ఆ మధ్య గన్నవరంలో జుమా నమాజు ముగిశాక ఒక యువకుడు మా వద్దకు వచ్చి కూర్చున్నాడు. అతని చెల్లెలి నికాహ్ దగ్గరపడింది. పెళ్ళివారికి కానుకగా ఇవ్వడానికి విజయవాడలో ఒక తోలు హ్యాండ్‌బ్యాగు, పర్సు కొన్నాడు. వాటిమీద పేరుమోసిన విదేశీ కంపెనీ ముద్ర ఉంది. ధర మాత్రం అసలు దానిలో పదో వంతు కూడా లేదు.

“మౌలానా సాబ్! ఇది ‘ఫస్ట్ కాపీ’ అని దుకాణదారు ముందే చెప్పాడు. నేను తెలిసే కొన్నాను. ఇక ఇందులో మోసం ఎక్కడుంది?” అని అడిగాడు.

తెలియక మోసపోయేవారి సంగతి ముందు చూద్దాం. కొనేముందు వస్తువును పరీక్షించుకోవడం మన బాధ్యత. అసలు తోలును కోసిన అంచు పీచుపీచుగా ఉంటుంది. రెక్సిన్ అయితే గుడ్డమీద ప్లాస్టిక్ పూత కనిపిస్తుంది. తోలుమీది సన్నని రంధ్రాలు ఒకే తీరుగా ఉండవు; అచ్చు గుద్దినట్లు ఒకేలా ఉంటే అనుమానించాలి. రంధ్రాలు మూడేసి చొప్పున గుంపులుగా ఉంటే అది పంది తోలు కావచ్చు. పదును చేసినా అది పరిశుద్ధం కాదన్నది అత్యధిక ధర్మవేత్తల అభిప్రాయం. అయితే తోలు అసలుదైనంత మాత్రాన ముద్ర అసలుది కాదు. ముద్రలోని అక్షరాలు, కుట్లు, జిప్పు చూడాలి; బిల్లు అడగాలి. లూయీ విట్టాన్ వంటి కంపెనీ తన సరుకును సొంత దుకాణాల్లోనే అమ్ముతుంది. అలాంటి సంచి ఫుట్‌పాత్ మీద కనిపిస్తే వేరే పరీక్ష అక్కర్లేదు.

ఇక ఆ యువకుడి ప్రశ్న. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఒకసారి బజారులో ధాన్యపు రాశిలో చెయ్యి పెట్టారు. లోపల తడి తగిలింది. తడిసిన ధాన్యాన్ని జనానికి కనబడేలా పైన ఎందుకు ఉంచలేదని ఆ వర్తకుణ్ణి నిలదీశారు. మోసగించేవాడు తమవాడు కాడని హెచ్చరించారు. ఈ సంఘటన సహీహ్ ముస్లింలో ఉంది.

‘ఇక్కడ తడి ధాన్యం పైనే ఉంది కదా’ అన్నది ఆ యువకుడి వాదన. నిజమే, అతను మోసపోలేదు. కాని ఆ బేరంలో లేని ఇద్దరున్నారు.

మొదటివాడు ముద్ర యజమాని. వ్యాపార నామాలు, ట్రేడ్‌మార్కులు వాటి యజమానుల ఆస్తి అనీ, వాటిని కాజేయడం తగదనీ అంతర్జాతీయ ఇస్లామీయ ఫిక్హ్ అకాడమీ 1988 డిసెంబరులో కువైట్ సమావేశంలో తీర్మానించింది. మన దేశంలోనూ 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం నకిలీ ముద్ర సరుకు అమ్మినవారికి ఆరు నెలల నుంచి మూడేళ్ళ జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల జరిమానా విధిస్తుంది. ఇతరుల సొత్తును కాజేసినవాడు ఆ సంగతి మనతో చెప్పి అమ్మినా, ఆ సొత్తు మనకు హలాల్ కాదు.

రెండవవారు కానుక అందుకునే పెళ్ళివారు. “ఇది కాపీ అని వారితో చెప్పి ఇస్తావా?” అని అడిగాం. అతను తల దించుకున్నాడు. తనకు లేనిదాన్ని ఉన్నట్లు చూపుకునేవాణ్ణి దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) అబద్ధపు బట్టలు జతగా తొడుక్కున్నవాడితో పోల్చారు. హజ్రత్ అస్మా (రజియల్లాహు అన్హా) ఈ హదీసును ఉల్లేఖించారు.

దాన్ని తిరిగి ఇచ్చేసి, అదే డబ్బుతో ఏ ముద్రా లేని మంచి తోలు సంచి కొనమన్నాం. “చెల్లెల్ని చులకనగా చూస్తారేమో” అన్నాడతను. ఆ మాటకు మేము వెంటనే జవాబివ్వలేకపోయాం. ఎందుకంటే ఆ భయాన్ని అతనిలో కలిగించింది బజారు కాదు, మనమే. కానుక విప్పగానే ముందు ముద్ర వెదికే చూపు మన ఇళ్ళలోనే ఉంది. నకిలీ సరుకును గుర్తుపట్టడం నేర్చుకుందాం. దానికి గిరాకీ పెంచుతున్న మన చూపును కూడా గుర్తుపడదాం.

అల్లాహ్ మన సంపాదననూ, కానుకలనూ, సంకల్పాలనూ పరిశుద్ధం చేయుగాక! ఆమీన్.